బాల్కనీకి ప్లాస్టిక్ తలుపు బిగించుకోవడం

న్యూ టౌన్‌లో జూన్ రెండో వారం దాటితే చెక్క తలుపుల మాట ఎవరూ నమ్మరు. ఏప్రిల్‌లో వేలితో నెడితే తెరుచుకున్న తలుపు జూలైలో భుజంతో తోసినా కదలదు. కారణం సులువైనదే. చెక్క గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పీల్చుకున్న చెక్క నిలువుగా దాదాపు పెరగదు, నారకు అడ్డంగా మాత్రం ఉబ్బుతుంది. అందుకే తలుపు ఎత్తు మారదు, వెడల్పు పెరిగి ద్వారబంధంలో ఇరుక్కుంటుంది. పైగా మన న్యూ టౌన్ ఒకప్పటి పొలాలు, చెరువులు, పల్లపు నేలల మీద లేచిన ఊరు. దక్షిణాన తూర్పు కోల్‌కతా చిత్తడి నేలలు ఉన్నాయి (2002లో వీటిని రామ్‌సార్ జాబితాలో చేర్చారు). ఇక్కడ గాలిలో తేమకు కొదవ లేదు.

మా ఇంట్లో బాల్కనీ తలుపు అమ్మమ్మ గదిలో ఉంది. ఆ గదికి గాలి వచ్చే దారి అదొక్కటే. వర్షాకాలంలో తలుపు పట్టేసుకుంటే ఆమెకు గాలి ఆడదు. తెరిచి ఉంచితే జల్లు లోపలికి కొట్టి నేల తడుస్తుంది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి రాత్రి లేచి తడి టైల్స్ మీద కాలు పెట్టడమంటే ఇంట్లో అందరికీ భయమే. కిందటి ఏడాది తలుపు అడుగుభాగం చెదలు తిని, ప్లై పొరలు పొరలుగా విడిపోవడంతో మార్చక తప్పలేదు. బిగించే మిస్త్రీ దొరకడానికి మూడు వారాలు పడుతుందన్నారు. అప్పుడు నాన్న, బాబాయి, మేమిద్దరం అక్కాతమ్ముళ్లం కలిసి మేమే బిగించుకుందామని కూర్చున్నాం. ఈ పనిలో మేము నేర్చుకున్నది మన పాఠశాల మిత్రులకు, వాళ్ల ఇళ్లలోని పెద్దలకు ఉపయోగపడుతుందని రాస్తున్నాం.

ముందుగా ప్లాస్టిక్ తలుపు అంటే ఏమిటో తేల్చుకోవాలి. దుకాణంలో ఆ పేరుతో నాలుగు రకాలు చూపిస్తారు. స్నానాల గదులకు పెట్టే తేలికపాటి పీవీసీ తలుపు ఒకటి, లోపల నురగలా ఉండే గట్టి పీవీసీ పలక ఒకటి, చెక్కపొడి కలిపిన ప్లాస్టిక్ ఒకటి, యూపీవీసీ ఒకటి. స్నానాల గది తలుపు చవకగా వస్తుంది కదా అని బయటి గుమ్మానికి పెట్టేవాళ్లను చూశాం. అది మంచి ఆలోచన కాదని మా అభిప్రాయం. నీటికి అది తట్టుకుంటుంది, కానీ గాలికి, ఎండకు తట్టుకోదు.

పీవీసీకి మెత్తదనం తెచ్చే పదార్థాలు కలిపితే రెయిన్‌కోటు, తీగల పైతొడుగు అవుతుంది. అవి కలపకుండా గట్టిగా ఉంచితే యూపీవీసీ. మన నీళ్ల పైపులు కూడా ఆ జాతివే. తెల్ల తలుపుల్లో టైటానియం డయాక్సైడ్ అనే తెల్లపొడి కలుపుతారు. అది అతినీలలోహిత కిరణాలను అడ్డుకుంటుంది, కాబట్టి ప్లాస్టిక్ త్వరగా పెళుసుబారదు. యూపీవీసీ చట్రం లోపల బోలుగా, గదులు గదులుగా ఉంటుంది. ఆ బోలులో జింకుపూత వేసిన ఉక్కు బద్ద పెట్టాలి. బయటి తలుపుకు బలం ఇచ్చేది ఆ ఉక్కే. అది ఉందో లేదో కంటికి కనిపించదు. ఫ్రిజ్ మీద అంటించే చిన్న అయస్కాంతం జేబులో వేసుకుని వెళ్లండి. చట్రం మీద పెడితే ప్లాస్టిక్ గోడ గుండా కూడా కొద్దిగా లాగుతుంది. ఎక్కడా లాగకపోతే ఆ తలుపు బాల్కనీకి వద్దు.

ఈ ఉక్కు ఎందుకు ముఖ్యమో ఒక చిన్న లెక్క చెబుతుంది. 2020 మే 20న అంఫాన్ తుఫాను వచ్చినప్పుడు మనకు దగ్గర్లోని దమ్‌దమ్‌లో గాలి వేగం గంటకు సుమారు 130 కిలోమీటర్లకు చేరింది. అంటే సెకనుకు 36 మీటర్లు. గాలి ఒత్తిడి లెక్కించడానికి ఇంజనీర్లు వాడే పద్ధతి ఇది: వేగాన్ని సెకనుకు మీటర్లలో రాసి, దాని వర్గాన్ని 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు ఎన్ని న్యూటన్లో వస్తుంది. 36 వర్గం 1296, దాన్ని 0.6తో గుణిస్తే దాదాపు 778. మా తలుపు వైశాల్యం ఒకటిన్నర చదరపు మీటర్లు. మొత్తం సుమారు 1170 న్యూటన్లు. అంటే ఇద్దరు పెద్దమనుషులు తలుపు మీద పూర్తిగా ఒరిగి నిలబడినంత బరువు, 120 కిలోలకు దగ్గర. భవన నిర్మాణ నియమాల్లో కోల్‌కతాకు పెట్టుకున్న మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. వేగం పెరిగితే ఒత్తిడి దాని వర్గంతో పెరుగుతుంది కాబట్టి అప్పుడు ఆ బరువు దాదాపు రెండింతలవుతుంది. పై అంతస్తుల్లో గాలి ఇంకా ఎక్కువ. ఈ లెక్క చూశాక తలుపును గోడకు పట్టి ఉంచే స్క్రూల విషయంలో పొదుపు చేయాలని ఎవరికీ అనిపించదు.

తలుపు ఏ వైపు తెరుచుకోవాలన్నది కూడా ఇక్కడే తేలుతుంది. బయటికి తెరుచుకునే తలుపును తుఫాను గాలి చట్రానికేసి అదుముతుంది. గాలి ఎంత గట్టిగా కొడితే రబ్బరు గాస్కెట్ అంత గట్టిగా మూసుకుంటుంది. లోపలికి తెరుచుకునే తలుపైతే ఆ బరువంతా గొళ్లెం మీద, బందుల మీద పడుతుంది. మేము బయటికి తెరుచుకునేదే ఎంచుకున్నాం. దీనికి ఒక ఇబ్బంది ఉంది. బందులు బయటివైపు ఉంటాయి. నేల అంతస్తు ఇళ్లవాళ్లు బందు సూది బయటికి ఊడిరాని రకాన్ని అడిగి తీసుకోవాలి, లేకపోతే దొంగ గొళ్లెం జోలికి వెళ్లకుండానే తలుపు ఊడదీస్తాడు.

కొనే ముందు మరో పని. అపార్ట్‌మెంట్ సంఘాన్ని అడగండి. బయటి నుంచి కనిపించే తలుపు రంగు, ఆకారం మార్చకూడదని చాలా సంఘాలకు నియమం ఉంటుంది. ప్రభుత్వ క్వార్టర్లలో ఉండేవాళ్లు రాతపూర్వకంగా అనుమతి తీసుకోకుండా గోడకు చిల్లు పెట్టవద్దు.

ఇక కొలత. ఈ పనిలో సగం కష్టం ఇక్కడే ఉంది, తక్కిన సగం చట్రాన్ని నిలువుగా నిలబెట్టడంలో ఉంది. పాత చెక్క చట్రాన్ని కొలిస్తే లాభం లేదు. దాని వెనక ఉన్న గోడ అంచు కావాలి. చట్రం పక్కన ఒకచోట ప్లాస్టర్ కొద్దిగా గీకి గోడ ఎక్కడ మొదలవుతుందో చూసుకోవాలి. వెడల్పును పైన, మధ్యన, కింద మూడుచోట్ల కొలవాలి. ఎత్తును ఎడమ, కుడి, మధ్యలో కొలవాలి. మూడు కొలతలూ ఒకేలా రావు, రావాలని ఆశించకండి. అన్నిటికన్నా చిన్నదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. మాకు వెడల్పు 750, ఎత్తు 2050 మిల్లీమీటర్లు వచ్చాయి. తలుపు చట్రాన్ని 740, 2040గా చేయించాం.

ఆ పది మిల్లీమీటర్లు ఎందుకు వదలాలని అమ్మ అడిగింది. యూపీవీసీ వేడికి బాగా సాగుతుంది. మీటరు పొడవుకు, ఒక్కో డిగ్రీకి దాదాపు 0.07 మిల్లీమీటరు. ఉక్కుతో పోల్చితే ఇది అయిదారు రెట్లు. జనవరి వేకువలో ఇక్కడ 12 డిగ్రీలకు దిగుతుంది, ఏప్రిల్ ఎండలో 40కి చేరుతుంది. 28 డిగ్రీల తేడాకు రెండు మీటర్ల చట్రం సుమారు 4 మిల్లీమీటర్లు పెరగాలని చూస్తుంది. లోపలి ఉక్కు, గోడ స్క్రూలు దాన్ని కొంత అదుపు చేస్తాయి. అయినా చుట్టూ అయిదేసి మిల్లీమీటర్ల ఖాళీ లేకపోతే చట్రం విల్లులా వంగుతుంది. రైలు పట్టాల మధ్య ఖాళీ గురించి తరగతిలో చదువుకున్నాం కదా, ఇదీ అదే. ముదురు రంగు తలుపులు ఎండలో ఇంకా వేడెక్కుతాయి. పడమటి ఎండ నేరుగా పడే బాల్కనీకి తెలుపే మేలు.

సామాన్ల కోసం చాందినీ చౌక్ వెళ్లాం. ఇక్కడ ఒక భాషా పాఠం కూడా జరిగింది. తలుపు బందును బెంగాలీలో కబ్జా అంటారు, గడియను ఛిట్‌కిని అంటారు. బాబాయి "కబ్జా చాహియే" అని అడుగుతుంటే మాకు నవ్వాగలేదు. మన దగ్గర కబ్జా అంటే స్థలాల గొడవే మరి. కొన్నవి ఇవి: చట్రాన్ని గోడకు పట్టే పొడవాటి యాంకర్ స్క్రూలు, ప్లాస్టిక్ ప్యాకింగ్ ముక్కలు, డబ్బాలో వచ్చే ఫోమ్, బయట పూయడానికి సిలికాన్, దాని వెనక దూర్చే నురగ తాడు. రసమట్టం, మూలమట్టం, డ్రిల్లింగ్ మిషన్ పొరుగింటి అంకుల్ ఇచ్చారు. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువి తీసుకోవాలి. ఇక్కడి తేమకు మామూలు ఇనుము రెండు వానాకాలాల్లో తుప్పు కన్నీళ్లు కారుస్తుంది. తలుపును మాత్రం మూడు చక్రాల వ్యాన్ రిక్షా మీద తెచ్చారు. లిఫ్టులో నిలువుగా పట్టక ఏటవాలుగా ఒరిగించి ఎక్కించాం.

పాత తలుపు తీయడం చూసేవాళ్లకు సరదాగా ఉంటుంది కానీ జాగ్రత్తగా చేయాల్సిన పని. ముందు రెక్కను బందుల నుంచి విప్పాలి. తర్వాత చట్రపు నిలువు కమ్మీని మధ్యలో రంపంతో ఏటవాలుగా కోస్తే గునపంతో రెండు ముక్కలూ సులువుగా ఊడివస్తాయి. గోడలో పాతిన ఇనుప పట్టీలు, అంటే హోల్డ్‌ఫాస్ట్‌లు మిగిలిపోతాయి. వాటిని పీకితే గోడ పెళ్లలు ఊడిపోతాయి. గ్రైండర్‌తో గోడ మట్టానికి కోసేయడం మంచిది. ఆ పని నాన్న చేశారు, మమ్మల్ని గది బయట ఉంచి తలుపేశారు. గ్రైండరు, డ్రిల్లింగ్ మిషన్ పెద్దవాళ్లే పట్టుకోవాలి, కళ్లద్దాలు పెట్టుకోవాలి. మనం కొలవవచ్చు, పట్టుకోవచ్చు, రసమట్టం చూసి చెప్పవచ్చు. బాల్కనీ వైపు పని జరుగుతున్నంతసేపూ కింద ఎవరూ నిలబడకుండా వాచ్‌మన్‌కు చెప్పి ఉంచాం. పై అంతస్తు నుంచి పడిన స్క్రూడ్రైవరు కూడా ప్రాణం తీస్తుంది.

గోడ గుంటలను సిమెంటుతో పూడ్చి, రెండు మూడు రోజులు నీళ్లు చల్లి ఆరనిచ్చాం. చెదలు పట్టిన చోట మందు కొట్టించాం. ప్లాస్టిక్‌ను చెదలు తినవు కానీ, గోడ పగులులో నుంచి పక్కనున్న పుస్తకాల అల్మారాకు దారి చూసుకుంటాయి.

బిగించే రోజు మొదట రెక్కను చట్రం నుంచి విడదీయాలి. ఖాళీ చట్రం తేలికగా కదులుతుంది. దాన్ని గోడలో నిలబెట్టి, అడుగున ప్యాకింగ్ ముక్కలు పెట్టి కింది కమ్మీని రసమట్టంతో సరిచూడాలి. తర్వాత బందులుండే నిలువు కమ్మీ. దాన్ని రెండు దిక్కుల్లో చూడాలి: పక్కకు ఒరిగిందా, లోపలికో బయటికో వాలిందా. చాలామంది ఒక దిక్కే చూసి ఊరుకుంటారు. వాలిన చట్రానికి తగిలించిన తలుపు దానంతటదే తెరుచుకుంటుంది, లేదా దానంతటదే మూసుకుంటుంది. రసమట్టం మీద నమ్మకం లేకపోతే దారానికి బరువు కట్టి పైనుంచి వేలాడదీసి చూడండి. ఆ దారం అబద్ధం చెప్పదు.

మూలలు సరిగ్గా ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి పైథాగరస్ ఉన్నాడు. 740 వర్గం, 2040 వర్గం కలిపి వర్గమూలం తీస్తే 2170 వస్తుంది. చట్రం రెండు కర్ణాలనూ టేపుతో కొలిచాం. ఒకటి 2168, ఒకటి 2172. పొడవైన కర్ణం ఉన్న పై మూలను కొద్దిగా నెట్టి, ముక్క సర్ది, రెండూ 2170 దగ్గరికి తెచ్చాం. లెక్క వేయకపోయినా ఫరవాలేదు, రెండు కర్ణాలు సమానమైతే చాలు. కానీ తొమ్మిదో తరగతి పుస్తకంలో నిద్రపోయే వర్గమూలం ఇంటి గుమ్మంలో పనికిరావడం చూడటం బాగుంటుంది.

ఇప్పుడు చిల్లులు. చిల్లు పెట్టే ముందు స్విచ్‌బోర్డు ఎక్కడుందో చూడాలి. తీగల గొట్టాలు సాధారణంగా బోర్డు నుంచి నిలువుగా పైకి వెళ్తాయి, తలుపు పక్కనే బోర్డు ఉండటం మన ఇళ్లలో మామూలే. ఆ గది ఎంసీబీ ఆపేసి, పక్కగది నుంచి వైరు లాగి డ్రిల్ వాడాం. స్క్రూలు మూలల నుంచి 150 నుంచి 250 మిల్లీమీటర్ల దూరంలో మొదలవ్వాలి, ఒకదానికొకటి 600కు మించి ఎడం ఉండకూడదు. ఆ లెక్కన మా నిలువు కమ్మీలకు నాలుగేసి పడ్డాయి. ప్రతి స్క్రూ పక్కన గోడకూ చట్రానికీ మధ్య ప్యాకింగ్ ముక్క ఉండాలి. అది లేకుండా బిగిస్తే స్క్రూ చట్రాన్ని గోడవైపు లాగేసి వంచుతుంది. గట్టిగా బిగిస్తే బలమని అనుకోవద్దు. తల ఆనగానే ఆపాలి, మళ్లీ రసమట్టం చూడాలి, తర్వాతి స్క్రూకు వెళ్లాలి.

గోడ దేనితో కట్టారో కూడా తెలియాలి. కొత్త ఎత్తైన భవనాల్లో కొన్నిచోట్ల గోడంతా ఆర్‌సీసీ కాంక్రీటే. సుత్తి డ్రిల్ లేకుండా దిగదు, మధ్యలో కడ్డీ తగిలితే చిల్లు చోటు మార్చాలి. కొన్నిచోట్ల తేలికపాటి ఏఏసీ దిమ్మెలు. వాటిలో సుత్తి దెబ్బ వేస్తే చిల్లు పెద్దదై ప్లగ్గు జారిపోతుంది. సుత్తి ఆపి మామూలు డ్రిల్‌తోనే పెట్టి, పొడవైన నైలాన్ ప్లగ్గులు వాడాలి. గోడ రకం అపార్ట్‌మెంట్ సంఘంవాళ్లకు తెలిసి ఉంటుంది. లేదా చిల్లులోంచి రాలే పొడి చెబుతుంది: ఎర్రటిదైతే ఇటుక, బూడిదరంగులో గట్టిగా ఉంటే కాంక్రీటు, తెల్లగా పిండిలా ఉంటే ఏఏసీ.

చట్రం నిలిచాక రెక్క తగిలించి బందుల మరలు తిప్పి సర్దాలి. చుట్టూ సందు ఒకేలా కనిపించాలి. గాస్కెట్ సరిగ్గా ఆనుతోందో చూడటానికి నోట్‌బుక్ కాగితం ముక్కను మధ్యలో పెట్టి తలుపు మూసి లాగండి. బిగువుగా వస్తే సరి, జారిపోతే ఆ చోట సర్దాలి. ఇలా చుట్టూ పదిచోట్ల చూశాం.

ఆ తర్వాతే ఫోమ్. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఫోమ్ సందు పూడుస్తుంది, అంతే. అది తలుపును పట్టి ఉంచదు. పని త్వరగా ముగించడానికి రెండు స్క్రూలు కొట్టి తక్కినదంతా ఫోమ్‌తో నింపే అలవాటు కొందరికి ఉంది. పైన చేసిన 120 కిలోల లెక్క గుర్తుంచుకుని అలాంటి పనికి ఒప్పుకోకండి. సందులో మూడోవంతు నుంచి సగం దాకా నింపితే చాలు, అది ఉబ్బుతుంది. ఎక్కువైతే చట్రాన్నే లోపలికి నెడుతుంది. ఆరేదాకా తలుపు మూసే ఉంచాలి. ఆరాక పొంగినదాన్ని కత్తితో కోసి, బయటివైపు నురగ తాడు దూర్చి దాని మీద సిలికాన్ పూయాలి. ఫోమ్‌ను ఎండకు వదిలేస్తే కొన్నాళ్లకే పసుపు తిరిగి పొడి అవుతుంది.

కింది కమ్మీ బయటి ముఖాన చిన్న చిన్న బెజ్జాలు ఉంటాయి. లోపలికి చేరిన నీరు కారిపోవడానికి పెట్టినవి అవి. సిలికాన్ పూసే ఉత్సాహంలో వాటిని మూసేస్తే నీళ్లు గదిలోకి వస్తాయి. మేము సిలికాన్ ఆరిన మర్నాడు బాల్కనీలో పైపుతో నీళ్లు కొట్టి చూశాం. కింది నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా పైకి వెళ్లాలి. ఒకేసారి పైనుంచి పోస్తే ఎక్కడ కారుతోందో తెలియదు. లోపల అక్క పాత వార్తాపత్రిక పరిచి కూర్చుంది. కాగితం పొడిగానే ఉంది.

అమ్మమ్మకు మాత్రం ఒక సందేహం మిగిలింది. "గడప లేని గుమ్మమేంట్రా, పసుపు ఎక్కడ రాయాలి?" అంది. కింది కమ్మీయే గడప అని చెప్పాం. శుక్రవారం దానికే పసుపు రాసి బొట్టు పెట్టింది. తెల్ల ప్లాస్టిక్ మీద పసుపు మరక పోదని అమ్మ కంగారుపడింది కానీ, పసుపు రంగుకు ఎండ పడదు. నాలుగు రోజుల ఎండకు దానంతటదే వెలిసిపోయింది. కుంకుమ మాత్రం సబ్బునీళ్లతో తుడవాలి.

పాత తలుపులో చెదలు తినని చెక్కతో చెప్పుల స్టాండు చేశాం. మిగిలిన చెక్క చట్రం ముక్కలు ఇక్కడి తెలుగువాళ్లం వేసుకునే భోగి మంటకు దాచాం. కొత్త చట్రం నుంచి కోసిన ప్లాస్టిక్ ముక్కలను, పాత తలుపు ప్లైని మాత్రం ఆ మంటలో వేయకూడదు. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, అది గొంతును, కళ్లను మండిస్తుంది. ప్లై పొరలను అంటించే జిగురు పొగ కూడా మంచిది కాదు. ఆ ముక్కలను పాత సామాన్లవాడికి ఇచ్చాం.

తలుపు మీద అంటించి వచ్చే పలుచని రక్షణ పొరను బిగించిన వారంలోపు తీసేయండి. కొత్తదనం పోతుందని దాచుకుంటే ఎండకు అతుక్కుపోయి గోళ్లతో గీకాల్సి వస్తుంది. తుడవడానికి థిన్నరు, అసిటోను వద్దు, అవి ప్లాస్టిక్‌ను కరిగిస్తాయి. గాస్కెట్‌కు ఏడాదికోసారి సిలికాన్ స్ప్రే కొడితే ఎండిపోదు. కాలబైశాఖి గాలులు ఏప్రిల్‌లో మొదలవుతాయి కాబట్టి మార్చి చివర్లో ఒకసారి కింది బెజ్జాల్లో పుల్ల పెట్టి దుమ్ము తీసి, బందుల మరలు చూసుకుంటే చాలు. తెరిచి ఉంచినప్పుడు తలుపును పట్టి ఉంచే కొక్కెం గోడకు తప్పకుండా ఉండాలి. ఈదురుగాలికి ధడాలున మూసుకునే తలుపు సందులో వేళ్లు పెట్టడానికి మూడేళ్ల తమ్ముళ్లు ఎప్పుడూ సిద్ధంగా ఉంటారు.